కాగితంలో పట్టని గది

ఒక మనిషి కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, రబ్బరు ముక్క ఒక్కటే ఆయుధంగా, భోజనాల వేళకు ముందే మూడు ప్రభుత్వాలను తుడిచిపెట్టాడు. అడ్డు వచ్చినవాడు లేడు, చూసినవాడు లేడు. తుడిచాక బల్ల మీద పొట్టు ఊదేసి టీ తాగాడు.

సరే, మూడు ప్రభుత్వాలనడం కాస్త ఎక్కువే. ప్రభుత్వాలు ఎక్కడికీ పోలేదు, వాటిని తుడిచేంత రబ్బరు ఇంకా తయారు కాలేదు. ఆయన తుడిచింది ఒక గదిని. అది కూడా ఇటుకల గది కాదు, పెన్సిలుతో గీసిన గది. కానీ ఆ గదిలో ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషి మాత్రం నిజం. టీ సంగతీ నిజమే, కాకపోతే అది గొంతు దిగలేదు.

ఆయన్ను ఊళ్ళో గీతలాయన అనేవారు. పురపాలక కార్యాలయం రెండో అంతస్తులో, కిటికీ పక్కన ఏటవాలు బల్ల ముందు ముప్పై ఒక్క ఏళ్ళుగా కూర్చుని పటాలు గీస్తున్న డ్రాఫ్ట్స్‌మన్. కుడి చొక్కా చేయి అంచు ఎప్పుడూ నల్లగా ఉండేది, ఇంట్లో ఆవిడ ఎంత రుద్దినా వదిలేది కాదు. పెన్సిలు చాకుతోనే చెక్కేవాడు. కొత్తగా వచ్చిన చెక్కుడు మిషన్ని చూపిస్తే, "దాంట్లో పెడితే పెన్సిలు ఏడుపు మొహం పెడుతుంది" అని పక్కకు నెట్టేవాడు.

ఆయనకు పట్టింపు ఒక్కటే. గీత గీతను దాటకూడదు. "రెండు గీతలు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయంటే, గీసినవాడికి విషయం అర్థం కాలేదన్నమాట" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు. వాళ్ళు తల ఊపి, బయటకు వెళ్ళి నవ్వుకునేవారు.

ఆ ఊరి పరిపాలన మాత్రం గీతలన్నీ తొక్కుకునే రకం. పట్టణానికి పురపాలక సంఘం, దాని చుట్టూ శివారు మండలి, ఈ రెండింటి నెత్తిన జిల్లా బోర్డు. వీధి దీపంలో స్తంభం సంఘానిది, తీగ మండలిది, బల్బు బోర్డుది. వెలగలేదని అర్జీ పెడితే ముగ్గురూ వేర్వేరు రోజుల్లో వచ్చి, తలెత్తి చూసి, తమ భాగం బాగానే ఉందని రాసిపోయేవారు. రోడ్డు మీద గుంత పూడ్చాలంటే తొమ్మిది సంతకాలు. తొమ్మిదోది పడేసరికి గుంతలో కప్పలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, మనవళ్ళను ఎత్తుకునేవని చెప్పుకునేవారు. మనవళ్ళ మాట ఎవరో కల్పించారనుకుంటా.

ఇదంతా సరిచేసి మూడింటినీ ఒకటి చేయడానికి ఒక కమిటీ వేశారు. దాని అధ్యక్షురాలు ఒకప్పుడు జడ్జి. పొట్టి మనిషి, మాట ఇంకా పొట్టి. వచ్చిన రెండో రోజే గీతలాయన్ను కిందికి పిలిపించింది.

"ఉన్న ఆఫీసులు, కలిపేవి, మిగిలేవి, ఎవరి కింద ఎవరు... మొత్తం ఒక్క కాగితం మీద కావాలి."

"ఒక్కదాంట్లో పట్టదు మేడమ్. మూడు కాగితాలు అతికిస్తే..."

"ఒక్కటే. కాగితంలో పట్టనిది జనం బుర్రలో పట్టదు."

"అలాగే మేడమ్."

"ఇంకో మాట. ఆ కాగితం మీద ఉన్న ఆఫీసు ఉంటుంది, లేనిది రద్దు. మధ్యలో ఏమీ ఉండదు. చూసుకుని గీయండి. అనుమానమొస్తే వచ్చి అడగండి, నేను ఇక్కడే ఉంటా."

గీతలాయన తొమ్మిది రోజులు గీశాడు. నిజం చెప్పాలంటే ఆ తొమ్మిది రోజులూ ఆయన జీవితంలో పండిన రోజులు. నూట పదమూడు ఆఫీసులు నలభై ఒకటయ్యాయి. పుట్టినవాళ్ళను ఒకచోట, చచ్చినవాళ్ళను మరోచోట రాసుకునే రెండు గదులు ఒక గది అయ్యాయి. స్తంభమూ, తీగా, బల్బూ ముప్పై ఏళ్ళ తర్వాత ఒకే పెట్టెలో కలుసుకున్నాయి. గీతలు పైనుంచి కిందికి వాన ధారల్లా తిన్నగా దిగాయి. ఇన్నాళ్ళకు తన ఊరు తనకు అర్థమైందనిపించి, ఎవరూ చూడకుండా ఆ కాగితం మీద చేయి వేసి నిమిరాడు.

ఒక్క పెట్టె మాత్రం లొంగలేదు.

దాని పేరు ఉమ్మడి వాల్వుల విభాగం. గుట్ట మీది ట్యాంకు నీళ్ళు మూడు సంస్థల వీధులకూ వెళ్తాయి కాబట్టి, పూర్వం ఎప్పుడో ముగ్గురూ కలిసి పెట్టుకున్న విభాగమది. విభాగమంటే ట్యాంకు కింద ఒక గది, వాల్వులు తిప్పడానికి నడుము ఎత్తు ఇనుప తాళం, ఒక సైకిలు, ఒక మనిషి. ఆ మనిషికి ముగ్గురు పైఅధికారులు. పెట్టెను ఎడమ పక్కన పెడితే గీత ఆరోగ్య శాఖను కోసుకుంటూ పోయింది. కుడి పక్కన పెడితే రోడ్ల శాఖ మీద నడిచింది. నడుమ పెడితే ఏకంగా కమిషనర్ పెట్టెలోంచి దూరింది. ఏడుసార్లు గీశాడు, ఏడుసార్లు చెరిపాడు.

ఆ గదిలో ఉన్న ఒక్క మనిషీ గీతలాయనకు స్వయానా తోడల్లుడు. భార్య అక్కగారి భర్త.

తోడల్లుడు చదువుకున్నది తక్కువ, చేతులకు తెలిసింది ఎక్కువ. ఆస్పత్రి వీధి వాల్వుకు పద్నాలుగున్నర చుట్లు, బడి వెనక సందుకు తొమ్మిది. "పదోది తిప్పానంటే చివరింటావిడ పంపు ఎగిరి పక్కింటి పెరట్లో పడుతుంది" అనేవాడు. ఇవేవీ ఎక్కడా రాసి లేవు. ముప్పై ఏళ్ళుగా అందరి ఇళ్ళలో వేళకు నీళ్ళు రావడం చూసి, నీళ్ళు వాటంతటవే వస్తాయని ఊరు అనుకునేది.

మనిషి మంచివాడే, నోటికే కాస్త దురద. ప్రతి ఆదివారం రెండు కుటుంబాలూ మామగారింట్లో కలిసేవి. పటం ఇవ్వాల్సిన సోమవారానికి ముందు రోజు కూడా కలిశాయి. అన్నాలయ్యాక తోడల్లుడు కాళ్ళు బార్లా చాపి మొదలుపెట్టాడు.

"మామయ్యా, మా తమ్ముడు ఇప్పుడు ఊరినంతా గీసేస్తున్నాడట. నాకు బెంగగా ఉంది."

"ఎందుకయ్యా బెంగ?"

"బజారు కాలువ గుర్తులేదూ? కాగితం మీద కిందికి పారింది, నేల మీద పైకి పారింది. అలాంటి కాలువ ప్రపంచంలో ఇంకొకటి లేదు. ఇప్పుడు ఊరు మొత్తం ఎటు పారుతుందో!"

పిల్లలు పగలబడి నవ్వారు. వదినగారు "ఊరుకోండి, పాపం" అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇరవై ఏళ్ళ కిందట గీతలాయన వాలు అంకె తిరగేసి రాసిన మాట నిజం. బజారు దుకాణాల్లోకి నీళ్ళొస్తే తోడల్లుడే రెండు రోజులు గడ్డపార పట్టి సరిచేసిన మాట కూడా నిజం. అందుకే గీతలాయన కూడా నవ్వాడు. నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టాయి.

మర్నాడు ఆఫీసుకు వచ్చి, ఆ లొంగని పెట్టెను ఎనిమిదోసారి గీసి, చెరిపాడు. దీన్ని ఎవరికి తగిలించాలో మధ్యాహ్నం మేడమ్‌ను అడిగి గీద్దామనుకున్నాడు. అనుకున్నాననే ఈ రోజుకీ తనకు తాను చెప్పుకుంటాడు. అప్పుడే ప్యూను తలుపులో తల పెట్టి, "సార్, మేడమ్ రమ్మంటున్నారు, కాగితంతో సహా" అన్నాడు.

అధ్యక్షురాలు కాగితాన్ని బల్ల మీద పరిచి, కళ్ళజోడు పైకి తోసి, చాలాసేపు చూసింది. చుట్టూ కమిటీవాళ్ళు మెడలు చాచారు.

"ఒక్క గీత కూడా ఇంకో గీతను దాటలేదు" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ సంగతి గమనించిన మొదటి మనిషి ఆవిడ.

"ఇన్ని ఊళ్ళు చూశాను, ఇలాంటి పటం చూడలేదు. ఇంతేనా, ఇంకేమైనా ఉందా?"

నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. గీతలాయన తెరిచాడు కూడా. లోపలినుంచి వచ్చిన మాట "అంతే మేడమ్."

మొదట్లో చెప్పిన ఆ గొంతు దిగని టీ, పైకి వచ్చి తాగింది అప్పుడే.

పటం అచ్చయింది. ప్రతి ఆఫీసు గోడకూ, బస్టాండులోనూ, గ్రంథాలయంలోనూ అంటించారు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పమని కింద రాశారు. జనం వేలు పెట్టి చూసుకుంటూ, "మన కుళాయికి ఈయన, మన దీపానికి ఈయన, భలే సులువుగా ఉందే" అని మురిసిపోయారు. కొత్త సంస్థకు ముఖ్య డ్రాఫ్ట్స్‌మన్‌గా గీతలాయన పేరే రాశారని ప్యూను చెవిలో వేసి వెళ్ళాడు. గీతలాయన బస్టాండు మీదుగా ఇంటికి వెళ్ళడం మానేసి చుట్టుదారి పట్టాడు.

ఐదో రోజు పొద్దున్నే వదినా తోడల్లుడూ ఇంటికి వచ్చారు. తోడల్లుడు కూర్చోకుండానే ఒక ఉత్తరం చేతిలో పెట్టాడు.

"చదువు తమ్ముడూ. నేను లేనట."

'నూతన నిర్మాణ పటంలో సదరు విభాగం కనబడనందున, తాళాలు అప్పగించవలసినదిగా' అని ఉంది. గీతలాయన రెండుసార్లు చదివాడు. రెండోసారి అక్షరాలు కనబడలేదు.

"కనబడలేదట!" అన్నాడు తోడల్లుడు. "ముప్పై ఏళ్ళు ఊరంతా స్నానాలు చేసి, వంటలు చేసుకుని, మొక్కలకు పోసుకుంటే నేను కనబడలేదట!"

వదిన కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆ పటం మీరే గీశారు కదా మరిదిగారూ. ఈయన్ని తీసెయ్యమని ఎవరు చెప్పారో మీకు తెలిసే ఉంటుంది."

"అది... పైనుంచి వచ్చింది వదినా."

"వాణ్ణి అడుగుతావేంటే?" తోడల్లుడు భార్యను కసిరాడు. "వాడు చెప్పింది గీసే మనిషి. వాడిచేత నన్ను చెరిపించారంటే వాడి ప్రాణం ఎంత గిలగిల్లాడిందో! అవునా తమ్ముడూ?"

గీతలాయన అవునని తల ఊపాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య ఆ ఊపడాన్ని చూసింది.

వాళ్ళు వచ్చింది అర్జీ రాయించుకోవడానికి. దస్తూరీ ముత్యాల్లా ఉండేది ఇంట్లో గీతలాయనదే మరి. కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. తోడల్లుడు అటూ ఇటూ తిరుగుతూ చెప్పసాగాడు.

"రాయి. బుద్ధిలేని వెధవ ఎవడో ఈ పని చేశాడు."

"అర్జీలో అలా రాయకూడదన్నయ్యా."

"మరెలా రాస్తారు?"

"ఎవరో బాధ్యత తెలియని వ్యక్తి అజాగ్రత్త వలన... అని."

"చప్పగా ఉందయ్యా. కళ్ళు నెత్తికెక్కినవాడు అని కూడా కలుపు."

"దృష్టిలోపం గల వ్యక్తి అంటే సరిపోతుందా?"

"సరిపోదు, కానీ రాసెయ్. వాడికి పిల్లాపాపా ఉంటే వాళ్ళ మొహం ఎలా చూస్తాడని కూడా రాయి."

గీతలాయన కలం ఆగింది. "అది వద్దన్నయ్యా."

"సరే, వదిలెయ్. నువ్వు మెత్తటి మనిషివి." తోడల్లుడు అర్జీ తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు. "ఎంత అందంగా రాశావురా! చదువుతుంటే వాడి చెంప పగలగొట్టినట్టే ఉంది."

వాళ్ళు వెళ్ళాక భార్య గ్లాసులు తీస్తూ అడిగింది. "ఏమండీ, పైనుంచి ఎవరు చెప్పారు?"

"ఎవరో ఒకరు. నీకెందుకు?"

ఆవిడ మళ్ళీ అడగలేదు. రోజూ అడిగి చంపినా ఆయనకు ఇంతకంటే సుఖంగా ఉండేది.

వాల్వుల తాళం నీటి శాఖలో కొత్తగా చేరిన ఇద్దరి చేతికి వెళ్ళింది. వాళ్ళు కష్టపడేవాళ్ళే. అన్ని వాల్వులూ చివరిదాకా తిప్పారు. బడి వెనక సందులో పైపు పగిలి, పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నడిచారు. ఆస్పత్రి వీధిలో మాత్రం కుళాయిలు గాలి ఊదాయి. మూడో రోజుకు ఆస్పత్రివాళ్ళు బిందెలతో వరుస కట్టారు. ఎవరికి చెప్పాలో పటంలో చూసుకున్నారు, సులువుగానే దొరికింది. నీటి శాఖ పెట్టెకు వెళ్ళి చెప్పారు. ఆ పెట్టెలో ఉన్నవాళ్ళకు ఎన్ని చుట్లో తెలియదు.

ఒక మధ్యాహ్నం గీతలాయన పెన్సిలు చెక్కుకుంటూ కిటికీలోంచి కిందికి చూశాడు. వీధి మలుపులో వాల్వు గుంత పక్కన ఇద్దరు కుర్రాళ్ళు తాళంతో కుస్తీ పడుతున్నారు. నాలుగడుగుల దూరంలో సైకిలుకు ఆనుకుని తోడల్లుడు నిలబడ్డాడు. వాళ్ళతో ఏమీ మాట్లాడటం లేదు. ఖాళీ చేతులు రెండూ ముందుకు పట్టి, లేని తాళాన్ని గాలిలో నెమ్మదిగా తిప్పుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. పద్నాలుగు తిప్పి, సగం తిప్పి, ఆపి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

గీతలాయన చాకు వేలు మీదికి జారింది. కాగితం మీద రక్తం చుక్క పడకుండా చేయి వెనక్కి లాక్కోవడం మాత్రం మరిచిపోలేదు. అందుకు కూడా సిగ్గుపడ్డాడు.

ముప్పయ్యో రోజు అభ్యంతరాలు వినే రోజు. పెద్ద హాలులో కమిటీ బల్ల, ఎదురుగా బెంచీలు. తోడల్లుడు ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు, పక్కన వదిన. గీతలాయన వెనక గోడకు ఆనుకున్నాడు. చొక్కా లోపల మడిచిన కాగితం ఒకటి పొట్టకు గుచ్చుకుంటోంది. అది అచ్చుకు ముందు పెన్సిలుతో గీసిన చిత్తుప్రతి. ఎనిమిదిసార్లు చెరిపిన చోట కాగితం పల్చబడి, వెలుతురుకు పెడితే పెట్టె ఆకారమూ, దాని గీతలూ ఇంకా కనిపిస్తాయి. రాత్రి తెల్లవార్లూ దాన్ని చింపాలా, తేవాలా అని కొట్టుకుని, చివరికి తేవడమూ చింపకపోవడమూ రెండూ చేశాడు కానీ, బయటికి తీస్తానని మాత్రం తనకు తాను మాట ఇచ్చుకోలేదు.

అధ్యక్షురాలు అర్జీ చదివింది. "దృష్టిలోపం గల వ్యక్తి" దగ్గర కనుబొమ్మ లేచింది.

"ఈ విభాగం మాది కాదని పురపాలక సంఘం రాసింది. మాది కాదని మండలి రాసింది. బోర్డూ అదే రాసింది" అంది. "ముగ్గురూ కాదంటే, ఇలాంటి విభాగం ఒకటి ఉందని నేను ఎలా నమ్మను?"

"ఉంది మేడమ్" తోడల్లుడు లేచాడు. "నేనే అది."

హాలులో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"కాగితం ఏదైనా ఉందా?"

"చేతులున్నాయి మేడమ్."

"చేతులు సాక్ష్యం కావు." ఆవిడ గొంతులో కటువు లేదు, దారీ లేదు. "కాగితం లేకపోతే అర్జీ కొట్టేయాల్సి వస్తుంది. ఇవాళే ఆఖరు."

తోడల్లుడు వెనక్కి తిరిగి, హాలంతా వెతికి, గీతలాయన్ను చూశాడు. నింద వేసే చూపు కాదది. ఇంట్లోవాడు ఎవడైనా ఉన్నాడా అని చూసుకునే చూపు.

చిన్నప్పుడు చదివిన కాన్వెంటు సిస్టర్ల బడిలో, తప్పు చేసినవాడు లేచి నిలబడి రెండు చేతులూ ముందుకు చాపాలి. బెత్తం పడేదాకా ఎవరూ మాట్లాడరు. గీతలాయన చేతులు వాటంతటవే ముందుకు వచ్చాయి. వాటిలో ఆ చిత్తుప్రతి ఉంది.

"నేను చెరిపాను మేడమ్. ఉండేది. నాకు తెలుసు. నేనే చెరిపాను."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరెందుకు?"

"గీత దాటుతోంది మేడమ్."

అధ్యక్షురాలు చిత్తుప్రతిని కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది.

"మూడు గీతలెందుకు గీశారు దీనికి?"

"ముగ్గురు పైవాళ్ళు కదా మేడమ్."

"ముగ్గురినీ ఒకటి చేయడానికే కదా మనం కూర్చున్నది? నీటి శాఖ కింద పెడితే ఒక్క గీతతో పోయేది." ఆవిడ పెన్ను తీసి అచ్చు పటం మీద నీటి శాఖ కింద చిన్న పెట్టె గీసి, చిన్న గీతతో కలిపింది. ఆ గీత దేన్నీ దాటలేదు. "ఇది నన్ను అడగడానికి మీకెంత దూరం?"

ఒక అంతస్తు. ఇరవై రెండు మెట్లు.

"నాలుగు వేల కాపీలు మళ్ళీ వేయించాలి" అని పక్కవాడితో అంది. తర్వాత ఇంకో కాగితం తెప్పించి, ముఖ్య డ్రాఫ్ట్స్‌మన్ అన్న మాట ఎదురుగా ఉన్న పేరును కొట్టేసింది. కోపంగా కూడా కొట్టలేదు. తర్వాతి అర్జీ పిలిచింది.

మెట్లు దిగుతుంటే తోడల్లుడు కలిశాడు. వదిన మొహం తిప్పుకుని ముందుకు వెళ్ళిపోయింది. ఇద్దరూ ఒక మెట్టు మీద ఆగారు.

"ఆదివారం నేనన్న మాటకేనా?" అన్నాడు తోడల్లుడు.

కాదని చెప్పడానికి గీతలాయన చాలా ప్రయత్నించాడు. అవునని చెప్పడానికి కూడా ప్రయత్నించాడు. ఈ ముప్పై రోజులూ తవ్వి చూసుకుంటే దొరకని జవాబు మెట్టు మీద ఎక్కడ దొరుకుతుంది?

"తెలియదన్నయ్యా. నిజంగా నాకే తెలియదు."

తోడల్లుడు తల ఊపాడు. మర్నాటికి ఇనుప తాళం ఆయన చేతికి వచ్చింది. నాలుగో రోజుకు ఆస్పత్రి వీధిలో నీళ్ళు పారాయి.

ఆదివారాలు ఆగలేదు. మామగారింట్లో రెండు కుటుంబాలూ ఎప్పటిలాగే కూర్చున్నాయి. తోడల్లుడు గీతలాయనకు మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ, "తీసుకోండి, మీరు ముందు తాగండి" అన్నాడు. పెళ్ళయిన రోజు నుంచీ 'నువ్వు' అన్న నోటితో 'మీరు' అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. పిల్లలెవరూ గమనించలేదు. అప్పటినుంచీ ఇప్పటిదాకా ఆ 'మీరు' మారలేదు. ఒక్కసారి, ఒక్క తిట్టయినా సరే, 'నువ్వు' అని పిలిపించుకుందామని గీతలాయన ఎన్నో తిక్క పనులు చేశాడు. ఒకసారి కావాలనే తోడల్లుడి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. "పరవాలేదండీ, ఉంచుకోండి" అని కబురు వచ్చింది.

ఇప్పటిదాకా రాసినదంతా ఈ మధ్య గీతలాయనకు చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు" అన్నాడు. "నేను పటమూ గీయలేదు, దేన్నీ చెరపలేదు. ఆ రోజు అసలు సెలవులో ఉన్నాను. మా ఆవిడకు అక్క లేదు. నాకు తోడల్లుడు లేడు." అని, ఎదుటి బల్ల మీద లేని రబ్బరు పొట్టును ఊదేశాడు.